యా సత్తార్: తెర కప్పే ప్రభువు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అల్లాహ్ శుభనామంతో ప్రారంభిస్తున్నాను. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు కలగాలని వేడుకుంటున్నాను.



అల్లాహ్ శుభనామాల్లో ఏదైనా ఒకదాన్ని ఎంచుకుని మాట్లాడమని సెక్రటరీ గారు అడిగారు. నేను ఆలిమాను కాను. బి.ఎడ్. చదివి, ముప్పై ఏళ్లుగా పిల్లలకు తెలుగు, సాంఘిక శాస్త్రం చెప్పుకుంటున్న టీచర్‌ని. అందులో ఇరవై ఏళ్లకు పైగా ఫిల్మ్‌నగర్ కొండ కింది బస్తీల పిల్లలతోనే గడిచాయి. కాబట్టి పండితులు చెప్పాల్సిన మాటలు పండితులకే వదిలేసి, ఒక టీచర్ నేర్చుకున్నది, ఆలస్యంగా నేర్చుకున్నది, మీ ముందు పెడతాను.

నేను ఎంచుకున్న నామం 'సత్తార్'. మన ఇళ్లలో అబ్దుల్ సత్తార్ అనే పేరుగల తాతయ్యో మామయ్యో ఎవరో ఒకరు ఉంటారు. ఏదైనా ఆపద వచ్చినప్పుడు, పరువు పోతుందని భయం వేసినప్పుడు మన అమ్మలు, నానమ్మలు చేతులెత్తి 'యా సత్తార్' అనడం మనమంతా విన్నాం. ఆ మాటకు అర్థం ఏమిటి? కప్పేవాడు. మరుగుపరిచేవాడు. మన తెలుగులో చెప్పాలంటే, తెర కప్పేవాడు.

ఈ మాట అరబీలో సీన్, తా, రా అనే మూడక్షరాల ధాతువు నుంచి వచ్చింది. ఆ కుటుంబంలోని మాటలు మనకు కొత్తవేమీ కావు. నమాజులో కప్పుకోవలసిన శరీర భాగాన్ని సతర్ అంటాం. నమాజు చేసేవారు తమ ముందు పెట్టుకునే అడ్డును సుత్రా అంటాం. ఉర్దూలో గౌరవంగా ఆడవారిని మస్తూరాత్ అంటారు. కాబా తలుపు మీద వేలాడే తెరను సితారా అంటారు. వీటన్నిటిలో ఉన్నది ఒక్కటే భావం: గౌరవించవలసిన దాని మీద ఒక తెర ఉండాలి.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. తిర్మిజీ హదీసు గ్రంథంలో కనిపించే, మనం గోడలకు తగిలించుకునే తొంభై తొమ్మిది నామాల జాబితాలో 'సత్తార్' కనబడదు. అక్కడ ఉన్నది 'గఫ్ఫార్'. అంటే మళ్లీ మళ్లీ క్షమించేవాడు. ఆ ధాతువులోనూ కప్పడమనే భావం ఉంది. యుద్ధంలో తలను కాపాడే శిరస్త్రాణాన్ని అరబీలో మిగ్‌ఫర్ అన్నది అందుకే. ఇక సీన్, తా, రా ధాతువుతో హదీసులో వచ్చిన నామం 'సిత్తీర్'. ప్రజల నాలుక మీద అది 'సత్తార్'గా స్థిరపడింది.

ఆ హదీసు సందర్భం వినండి. అబూ దావూద్, నసాయీ గ్రంథాల్లో ఉంది. ఒక మనిషి ఆరుబయట, ఏ మరుగూ లేకుండా స్నానం చేస్తుండటం దైవప్రవక్త (స) కంటబడింది. ఆయన మింబరు ఎక్కారు. అల్లాహ్‌ను స్తుతించారు. అల్లాహ్ లజ్జాశీలుడని, కప్పి ఉంచేవాడని, లజ్జనూ మరుగునూ ఇష్టపడతాడని చెప్పి, మీలో ఎవరు స్నానం చేసినా మరుగు చూసుకోవాలని బోధించారు. ఆ మనిషి ఎవరో చెప్పలేదు. నేటికీ మనకు తెలియదు. అల్లాహ్ కప్పేవాడని నేర్పుతున్న ప్రవక్త (స), ఆ పాఠం చెప్పేటప్పుడే ఒక మనిషిని కప్పారు. ట్రైనింగ్ కాలేజీలో మాకు ఎన్నో బోధనా పద్ధతులు నేర్పారు. ఇంతకు మించిన పద్ధతి నేను చదవలేదు.

మరి ఆయన అనుచరురాలిగా నేనేం చేశాను? చాలా ఏళ్లు నేను యూనిట్ టెస్టు మార్కులు పైనుంచి కిందికి గట్టిగా చదివేదాన్ని. ముందు నలభై ఐదు, చివర్లో నాలుగు. ఒక అబ్బాయి, ఎప్పుడూ చివరి పేరే, మార్కులు చదివే రోజున సరిగ్గా ఆ సమయానికి మంచినీళ్లకని బయటికి వెళ్లేవాడు. వాడికి దాహం ఎక్కువని అనుకున్నాను. ఒకరోజు మార్కులు చదవడం మర్చిపోయి పాఠం మొదలుపెడితే, వాడు కుళాయి దగ్గర పీరియడ్ సగం నిలబడి ఉన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నుంచి పేపర్లు మడిచి ఎవరిది వాళ్ల చేతికే ఇస్తున్నాను. వాడి మార్కులు ఒక్కసారిగా పెరిగిపోయాయని చెప్పను, అలాంటిదేమీ జరగలేదు. కానీ వాడు ఇక క్లాసు వదిలి వెళ్లలేదు.

కప్పడమంటే చూడకపోవడం అని కొందరు పొరబడతారు. అల్లాహ్ బసీర్, అన్నీ చూసేవాడు. అలీమ్, అన్నీ తెలిసినవాడు. మన గదిలో జరిగేది, మన మనసులో జరిగేది అన్నీ ఆయనకు తెలుసు. తెలిసి కూడా కప్పుతున్నాడు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఒక హదీసు ఉంది. ప్రళయదినాన అల్లాహ్ విశ్వాసిని తన దగ్గరికి తీసుకుని, తన మరుగును అతని మీద కప్పి, ఎవరికీ వినబడకుండా అతని పాపాలను ఒక్కొక్కటిగా గుర్తుచేస్తాడు. అతను ఒప్పుకుంటాడు. ఇక నాశనమయ్యానని అనుకుంటాడు. అప్పుడు అల్లాహ్, వీటిని లోకంలోనూ నేనే కప్పి ఉంచాను, ఈరోజు క్షమిస్తున్నాను అన్న అర్థంలో చెబుతాడు. అంత పెద్ద సమావేశంలో, మొదటి మనిషి నుంచి చివరి మనిషి వరకూ అందరూ నిలబడిన చోట, ఆ విచారణ తెర లోపల జరుగుతుంది. మన ప్రభువుకు తన దాసుడి పరువు అంత ముఖ్యం.

ఇప్పుడు నేను ఈ నామాన్ని ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మనం ఉన్న చోటు వల్ల.

తెలుగు చిత్రసీమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలివచ్చింది. 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టినప్పుడు ఈ ప్రాంతమంతా బండలూ పొదలే. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి, ఫిల్మ్ ఛాంబర్ వచ్చింది, జూబ్లీహిల్స్ రోడ్ల మీద పెద్ద పెద్ద ఇళ్లు లేచాయి. వాటితోపాటే కొండ వాలులో, షేక్‌పేట వైపు, అటు కృష్ణానగర్ వైపు, ఆ పరిశ్రమను మోసేవాళ్ల ఇళ్లూ వచ్చాయి. లైట్‌మెన్, సెట్ వడ్రంగులు, కాస్ట్యూమ్ దర్జీలు, ప్రొడక్షన్ బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. తెరమీద రాణి కట్టుకున్న లెహంగాకు జర్దోజీ పని చేసిన మన ఆడపడుచు ఒంటిగది ఇంట్లో, బల్బు కింద కూర్చుని ఆ పని చేసి ఉంటుంది. ఆ పిల్లలే మా స్కూలు పిల్లలు.

తెలుగులో 'తెర' అనే మాటకు రెండు పనులున్నాయి. ఇంట్లో గుమ్మానికి వేసేది తెర. అది కప్పుతుంది. సినిమా హాల్లో ఉండేదీ తెరే. అది చూపిస్తుంది. మా ప్రాంతంలో చూపించే తెరకే విలువ ఎక్కువ. ఎవరు కనబడితే వాళ్లున్నట్టు, కనబడకపోతే లేనట్టు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. వేలమందికి అది అన్నం పెడుతోంది. పైగా సినిమావాళ్లకు కప్పడం కూడా తెలుసు. ఒక షాటుకు పది టేకులు తీసినా ప్రేక్షకుడు చూసేది ఓకే అయిన టేకునే. నటుడు తడబడినవి, డైలాగు మర్చిపోయినవి ఎడిటింగ్ గదిలోనే ఆగిపోతాయి. ఎంత పెద్ద హీరోకైనా ఆ మర్యాద దొరుకుతుంది.

కష్టంలో ఉన్న మనిషికి మాత్రం ఎడిటింగ్ గది లేదు. ఒక్కటే టేకు. అదీ ఎవరి ఫోనులోనో.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. మీ అందరికీ గుర్తుంది. రోజు కూలి మీద బతికే సినీ కార్మికులకు కాల్‌షీట్ లేకపోతే పొయ్యి వెలగదు. చిరంజీవి గారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ అని పరిశ్రమే సరుకులు పంచింది. మసీదులు, సంఘాలు, కాలనీవాళ్లు, ఎవరికి తోచింది వాళ్లు చేశారు. ఏప్రిల్ చివర్లో రంజాన్ వచ్చింది. ఆ సాయం లేకపోతే ఎన్ని ఇళ్లలో ఇఫ్తార్ మంచినీళ్లతోనే ముగిసేదో అల్లాహ్‌కే తెలుసు. దాతల మేలు చిన్నది కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత నేను చెప్పబోయేది ఎవరి దానాన్నీ తక్కువ చేయడానికి కాదని గ్రహించండి.

అప్పుడు ఒక సంఘం తరఫున మా బస్తీలో కిట్లు పంచే పనిలో నేనూ ఉన్నాను. ఎవరికి అవసరమో టీచర్లకు తెలుసు కాబట్టి జాబితా రాయమన్నారు. రాశాను. పంచే రోజున దాతలకు పంపాలి, ఫొటోలు తీయండి మేడమ్ అన్నారు. తీశాను. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన షూటింగులకు బట్టలు కుట్టే దర్జీ. ఆ పిల్ల తల వంచుకుని ఉంటే, 'కాస్త నవ్వమ్మా, ఇటు చూడు' అన్నది నేనే. టీచర్ చెప్పింది కదా, నవ్వింది.

ఆ ఫొటో సంఘం గ్రూపులోకి వెళ్లింది. అక్కడి నుంచి కాలనీ గ్రూపులోకి, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో. స్కూళ్లు తెరిచాక ఆ పిల్ల కొన్నాళ్లు రాలేదు. వచ్చాక వెనక బెంచీకి మారింది. ఆ కిట్టు ఇచ్చిన గుడ్డసంచి గట్టిది. దాన్నే పుస్తకాల సంచిగా తెచ్చేది. కానీ దాత పేరు, బొమ్మ ఉన్న వైపు లోపలికి పోయేట్టు తిరగేసి కుట్టించుకుంది. కుట్టింది వాళ్ల నాన్నే అయ్యుంటాడు.

మరుసటి రంజాన్‌కు మళ్లీ జాబితా రాస్తూ ఆయనకు ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా, 'మాకొద్దు మేడమ్, వేరేవాళ్లకు ఇవ్వండి' అన్నాడు. పని లేదని నాకు తెలుసు. ఎందుకు వద్దని మళ్లీ మళ్లీ అడిగాను. అప్పుడు అన్నాడు: 'ఆ బియ్యం పదిహేను రోజుల్లో అయిపోయాయి మేడమ్. ఫొటో మాత్రం అయిపోవడం లేదు. ఊళ్లో మా అన్నవాళ్ల ఫోన్‌కి కూడా వచ్చింది. పాపకు సంబంధాలు వచ్చేటప్పటికైనా పోతుందా?'

నాకు జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నేను ఆ ఫొటోను నా ఫోను నుంచి తీసేశాను. మిగతా ఫోన్ల నుంచి తీయడం నా చేతిలో లేదు. కప్పడం ఎంత సులువో, తీసిన తెరను మళ్లీ వేయడం అంత కష్టం.

ఆ రాత్రి నేను దివ్య ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరా తెరిచాను. దానధర్మాల గురించి అక్కడ వరుసగా ఆయతులున్నాయి. ఎన్నోసార్లు చదివినవే. ఈసారి అవి నన్ను ఆపి అడిగినట్టు అనిపించింది. 263వ ఆయతు సారాంశం ఏమిటంటే, ఇచ్చి తర్వాత మనసు నొప్పించడం కంటే ఏమీ ఇవ్వకుండా ఒక మంచి మాట అనడమే మేలు. 264వ ఆయతు, చేసిన మేలు ఎత్తిచూపి, బాధపెట్టి మీ దానాలను వ్యర్థం చేసుకోవద్దని హెచ్చరిస్తుంది. 271వ ఆయతు, బహిరంగంగా ఇచ్చినా మంచిదేనని, రహస్యంగా పేదలకు అందిస్తే అది మీకు మరింత మేలని చెబుతుంది. 273వ ఆయతు దగ్గర నేను చాలాసేపు ఆగాను. అక్కడ కొందరు పేదల గురించి ఉంది. వాళ్లు నోరు తెరిచి అడగరు. వాళ్ల అభిమానం చూసి, తెలియనివాళ్లు వీళ్లకేం లోటు అనుకుంటారు. గుర్తుపట్టేవాళ్లు వాళ్ల ముఖం చూసి గుర్తుపడతారు.

ఆ దర్జీ ఆ ఆయతులోని మనిషి. ఆయన తనకు తాను వేసుకున్న తెర ఆ అభిమానమే. ఖుర్ఆన్ ఆ తెరను మెచ్చుకుంది. నేను దాన్ని లాగి ఫొటో తీశాను.

మనందరికీ కంఠతా వచ్చిన ఇంకొక హదీసు ఉంది, సహీహ్ ముస్లింలోనిది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. విశ్వాసి కష్టాన్ని లోకంలో తొలగించినవారికి ప్రళయదినాన అల్లాహ్ కష్టాన్ని తొలగిస్తాడు. అప్పు తీర్చలేనివారికి వెసులుబాటు ఇస్తే ఆయన ఇహపరాల్లో వెసులుబాటు ఇస్తాడు. ముస్లిం లోపాన్ని కప్పినవారిని ఆయన ఇహపరాల్లో కప్పుతాడు. దాని భావం ఇది. కష్టం తొలగించడం, అప్పులో వెసులుబాటు, లోపం కప్పడం. మూడూ ఒకే హదీసులో పక్కపక్కనే ఉన్నాయి. మన సభల్లో మొదటి రెండు తరచూ వింటాం. ఎందుకంటే వాటికి డబ్బు కావాలి. మూడోదానికి డబ్బు అక్కర్లేదు, అందుకే అది మర్చిపోతాం. కానీ మూడోది లేకపోతే మొదటి రెండూ పుచ్చుకున్నవాడి మీద భారంగా కూర్చుంటాయి.

మన పూర్వీకులు దీన్ని ఎలా ఆచరించారో చెప్పే ఒక ఉదంతం చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఇమామ్ హుసైన్ (రజి) కుమారుడు, కర్బలాలో ప్రాణాలతో మిగిలిన జైనుల్ ఆబిదీన్ (రహ్మ) మదీనాలో ఉండేవారు. రాత్రిపూట పిండి మూటలు తన వీపు మీద మోసుకుని పేదల గుమ్మాల్లో పెట్టి వెళ్లేవారు. ఎవరు పెడుతున్నారో ఆ ఇళ్లవాళ్లకు తెలియదు. ఆయన చనిపోయాక ఆ మూటలు రావడం ఆగిపోయింది. అప్పుడు తెలిసింది. గుస్ల్ ఇచ్చేటప్పుడు ఆయన వీపు మీద మూటల వల్ల పడిన నల్లటి గుర్తులు కనబడ్డాయని రాశారు. ఆయన దానానికి ఉన్న ఒకే ఒక్క ఫొటో అదే. అది కూడా ఆయన ఒంటి మీదే ఉంది, పుచ్చుకున్నవారి ముఖం మీద లేదు.

ఇప్పుడు కొన్ని అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మన కమిటీలో కూడా వచ్చాయి.

ఫొటో లేకపోతే డబ్బు ఎక్కడికి పోయిందో దాతలకు ఎలా తెలుస్తుంది? ఇది న్యాయమైన ప్రశ్న. జకాత్ డబ్బు అమానత్. పైసాపైసాకు లెక్క ఉండాలి. కానీ లెక్కకు కావలసింది పద్దు, రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆడిటర్ సంతకం. పిల్ల ముఖం లెక్క కాదు. నిజానికి ఫొటో ఏమీ రుజువు చేయదు. వంద కిట్లకు ఫొటో తీసి యాభై పంచినవాడిని ఫొటో పట్టుకోలేదు. ఆడిట్ పట్టుకుంటుంది. డబ్బు లెక్క తెరిచి ఉంచుదాం, మనిషి ముఖం కప్పి ఉంచుదాం. ఇప్పుడు చాలాచోట్ల దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. ముఖాలు గోడల మీద, లెక్కలు బీరువాలో.

చూపిస్తే పదిమందికి స్ఫూర్తి వస్తుంది కదా? వస్తుంది. 271వ ఆయతు బహిరంగ దానాన్ని కూడా మంచిదనే అంది. మీ పేరు, మీ దానం చెప్పుకోవాలనుకుంటే అది మీకూ అల్లాహ్‌కూ మధ్య, మీ నియ్యత్‌ను బట్టి. ఈ సావనీరులో దాతల పేర్లు వేస్తున్నాం, అందులో తప్పు లేదు. కానీ మీరు బయటపెట్టగలిగేది మీ చేతినే. కింద ఉన్న చేతిని బయటపెట్టే హక్కు మీ డబ్బుతో రాదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే ముఖ్యమైనది. కప్పడం అంటే తప్పులన్నీ కప్పిపుచ్చడమా? కాదు. సూరా నిసా 148వ ఆయతు భావం గుర్తుంచుకోండి: చెడును బాహాటంగా మాట్లాడటం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవారు నోరెత్తడం తప్ప. కూలి ఎగ్గొట్టినవాడిని, భార్యను కొట్టేవాడిని, పిల్లలను తాకరాని చోట తాకేవాడిని పరువు పేరుతో కప్పితే అది సత్తార్ నామం కింద రాదు. అది బాధితుల మీద రెండో జులుం. టీచర్లకు ఇచ్చే శిక్షణలో 2012 నాటి పోక్సో చట్టం గురించి చెబుతారు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం తప్పనిసరి. అదే చట్టం ఆ బిడ్డ పేరు, ఊరు, స్కూలు పత్రికల్లో బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. నేరాన్ని తెరవాలి, బిడ్డను కప్పాలి. ఆ రెండూ కలిసి ఎలా ఉంటాయో నాకు అక్కడ స్పష్టంగా అర్థమైంది. బలహీనుడి మీద తెర వేయాలి. బలవంతుడి జులుం మీద వేయకూడదు.

కాబట్టి ఈ సభ ముందు కొన్ని చిన్న పనులు పెడుతున్నాను. కొన్ని మేము స్కూలు దగ్గర ఇప్పటికే చేసి చూశాం.

మొదటిది, వచ్చే రంజాన్ నుంచి పుచ్చుకునేవారి ఫొటో ఒక్కటి కూడా వద్దు. సరుకుల ఫొటో తీసుకోండి, బియ్యం బస్తాలకు సిగ్గు లేదు.

రెండోది, సంచుల మీద ఎవరి పేరూ, బొమ్మా వద్దు. ఆ సంచి బజారులో, స్కూల్లో, బస్సులో తిరుగుతుంది. మోసే పిల్ల మన ప్రచార బోర్డు కాదు.

మూడోది, ఫీజు సాయం నేరుగా స్కూలు ఖాతాకు వెళ్లాలి. మిగతా పిల్లలకు ఇచ్చే రసీదే ఈ పిల్లకూ ఇవ్వాలి. ప్రేయర్‌లో పిలిచి చెక్కు ఇవ్వడం, చప్పట్లు కొట్టించడం మానేద్దాం. మార్కులు బాగా వచ్చిన పిల్లలకు బహుమతి ఇవ్వాలంటే స్టేజీ మీద ఇవ్వండి, అది గెలుపు. పేదరికం గెలుపు కాదు, చప్పట్లు కొట్టడానికి.

నాలుగోది, వరుసలో నిలబెట్టే బదులు, బస్తీ కిరాణా కొట్టులో ఖాతా పెట్టి, ఆ కుటుంబం వెళ్లి అందరిలాగే తమకు కావలసింది తెచ్చుకునే ఏర్పాటు చేద్దాం. షుగరున్న ముసలాయనకు మనం ఐదు కిలోల చక్కెర ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆయన ఏం తెచ్చుకోవాలో ఆయనకే తెలుసు.

ఐదోది, ఇది జకాత్ అని పుచ్చుకునేవారికి చెప్పి తీరాలన్న నియమం లేదని ఉలమాలు చెబుతారు. ఇచ్చేవారి నియ్యత్ ఉంటే చాలు. ఈదీ అని, పిల్లలకు కానుక అని చేతిలో పెట్టండి. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి.

ఆరోది, లబ్ధిదారుల జాబితా ఇద్దరి దగ్గరే ఉండాలి. వాట్సాప్‌లో ఎప్పుడూ పెట్టకూడదు.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. వీటికి కావలసింది కొంచెం ఓపిక, కొంచెం అజ్ఞాతం. అజ్ఞాతంగా ఉండటం మా ప్రాంతంలో కష్టమే. కానీ సినిమా చివర్లో పేర్లు పడేటప్పుడు జనం లేచి వెళ్లిపోతుంటారు. అయినా ఆ లైట్‌మన్, ఆ దర్జీ తమ పని చేశారు. వాళ్లు లేకపోతే తెరమీద బొమ్మే లేదు. పేరు ఎవరూ చదవకపోయినా పని నిలబడుతుందని మన బస్తీవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అది మనం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

చివరిగా ఒక మాట. ఆ అమ్మాయి తర్వాత ఏమైందని కొందరు అడుగుతారు. ఆమె గురించి ఇంతకంటే చెప్పను. ఇప్పుడు చెప్పిన దాంట్లో కూడా ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఒకసారి ఆమె అనుమతి లేకుండా ఆమెను అందరికీ చూపించాను. రెండోసారి, అదీ 'సత్తార్' నామం గురించి మాట్లాడుతూ, ఆ పని చేయలేను.

మనలో ప్రతి ఒక్కరి మీదా అల్లాహ్ కప్పిన తెర ఉంది. ఈ హాల్లో కూర్చున్న మనం ఒకరినొకరు గౌరవంగా పలకరించుకుంటున్నామంటే అది మన గొప్పతనం కాదు. మన లోపాలు పక్కవారికి తెలియకుండా ఆయన ఉంచాడు, అంతే. ఆ తెర ఒక్క గంట తొలగిస్తే ఎవరు ఎవరి పక్కన కూర్చోగలం? ఆయన మన మీద అంత తెర కప్పినప్పుడు, ఒక బస్తీ బియ్యం మీద, ఒక పిల్ల ఫీజు మీద, ఒక తండ్రి అభిమానం మీద చిన్న తెర కప్పడం మనకు భారమా?

యా సత్తార్, మా లోపాలను కప్పు. మా వల్ల బయటపడినవారి గౌరవాన్ని నువ్వే మళ్లీ కప్పు. మా దానాన్ని మా కుడిచేతి నుంచి ఎడమచేతికి కూడా తెలియనివ్వకుండా అందించే శక్తినివ్వు. ప్రళయదినాన నీ తెర కింద నిలబెట్టి మాతో మాట్లాడు. ఆమీన్.